పట్టుకోవడమేనా అంటే

"దెబ్బ తగిలిన పిల్లికి వైద్యం చేసేది డాక్టరే కదా, మరి నర్సు చేసేదేముంటుంది? కదలకుండా పట్టుకోవడమేనా?" అని అడిగారు.

అవును, పట్టుకోవడమే. నొప్పితో వణికిపోతున్న పిల్లిని మీరు ఒక్కసారి పట్టుకుని చూడండి. ఆ తర్వాత కూడా "పట్టుకోవడమేనా" అని అడగగలిగితే నేను ఈ జవాబు చెరిపేస్తాను.

మా పిల్లి పేరు మబ్బు. మూడేళ్ళ కిందట ఒక మోటారు సైకిల్ చక్రం దాని తోక మీదికెక్కింది. అదే క్షణంలో అది ముందుకు దూకింది. తోక అక్కడ ఇరుక్కుంది, ఒళ్ళు ఇటు లాగింది. కాళ్ళు విరగలేదు, రక్తం పెద్దగా లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉన్నారు. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, అసలు పిల్లి మాత్రం బుట్టలో మునిలా కూర్చుంది. ఇంత ప్రశాంతంగా ఉందంటే పెద్ద దెబ్బ కాదులే అనుకున్నాను.

నర్సు అమ్మాయి అలా అనుకోలేదు. మబ్బును బయటికి లాగలేదు. బుట్ట పైమూత విప్పేసి, దాన్ని అందులోనే ఉంచి, మీద తువ్వాలు కప్పింది. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలింది. రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలట. అక్కడ రావడానికి రంగే లేదు, తెల్లగా ఉంది. ఒంటి వేడి 36 డిగ్రీల దగ్గర ఉంది. పిల్లికి 38 దాటి ఉండాలి.

"షాక్‌లో ఉందక్కా, అంటే రక్తప్రసరణ పడిపోయింది. కుక్కకైతే గుండె దడదడా కొట్టుకుంటుంది. పిల్లికి చాలాసార్లు నెమ్మదిస్తుంది, ఒళ్ళు చల్లబడిపోతుంది. చూసేవాళ్ళు నిద్రపోతోంది అనుకుంటారు" అంది.

నేను అనుకున్నదీ అదే.

డాక్టరు గారు వచ్చి చూసి, ఆక్సిజన్, సెలైన్, నొప్పికి ఇంజెక్షన్ చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఆయన తప్పేం లేదు, లోపల టేబుల్ మీద ఇంకో ప్రాణముంది. ఇక్కడ మాత్రం ముందు కాలి మీద బొచ్చు గీసి, దారంలాంటి నరానికి సూది పెట్టింది ఆ అమ్మాయే. మెడ మీది చర్మం పట్టుకుంటే కదలదు కదా అని నేనో ఉచిత సలహా పారేశాను. "తల్లి పిల్లి అలా పట్టుకునేది కూనల్ని అక్కా. పెద్దదాన్ని అలా పడితే భయంతో బిగుసుకుపోతుంది, మనం ఊరుకుందని అనుకుంటాం" అని, మబ్బును తువ్వాలులో పసిబిడ్డలా చుట్టి ఒక్క కాలు మాత్రం బయటికి తీసింది. నాకు నోరు లేవలేదు.

నోరు అనగానే గుర్తొచ్చింది. ఆ రోజు బయల్దేరే ముందు పక్కింటావిడ "నొప్పికి అర పారాసిటమాల్ వెయ్యి" అంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ప్రాణం పోతుంది. ఒక్క మాత్ర చాలు. మనుషుల మందులు మనుషులకే అని ఎన్నిసార్లు చెప్పినా, ఫోన్‌లో ఏదో చూసి వేసేవాళ్ళు వేస్తూనే ఉంటారు.

సరే, మబ్బు సంగతి. దాని బోనుకు ఒక చీటీ వేలాడదీశారు. గంటగంటకూ ఆ అమ్మాయి దూరంగా నిలబడి దాని ముఖం చూసి ఒక అంకె రాసేది. తర్వాత అడిగితే చెప్పింది. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారట. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల నిలిపిన తీరు. ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు, మొత్తం 10. నాలుగుకు చేరితే నొప్పి మందు సంగతి చూడాలి. సాయంత్రానికి మబ్బు అంకె ఐదుకు చేరింది. నాకైతే అది పొద్దున్నలాగే కనిపించింది. ఆమె డాక్టరుకు చెప్పి మందు పెంచించింది. పిల్లి నొప్పిని దాచుకుంటుంది, అరవదు. అందుకే పిల్లి దగ్గర పరికరాల కంటే చూసే కళ్ళు ముఖ్యమని నా గట్టి నమ్మకం. దీన్ని ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఎక్స్‌రేలో తోక మొదట్లో ఎముక విడిపోయిందని తేలింది. తోక తీసేయాలి, అది సమస్య కాదు, తోక లేకుండా పిల్లి హాయిగా బతుకుతుంది. అసలు సమస్య ఏమిటంటే, తోక అలా లాగేసినప్పుడు వెన్ను చివర నరాలు కూడా సాగిపోయి, మూత్రం పోసే శక్తి పోవచ్చు. మబ్బుకు పోయింది. డాక్టరు గారు ఆ మాట చెప్పారు. రోజుకు నాలుగుసార్లు చేత్తో తీయాలనీ చెప్పారు. మరి తీసేదెవరు?

ఆ నర్సు అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మబ్బు పొట్ట కింద పెట్టించింది. లోపల మూత్రాశయం బత్తాయంత అయి గట్టిగా ఉంది. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్ళు ఒకవైపు, మెల్లగా, ఆపకుండా ఒకే బలంతో తోకవైపు నొక్కాలి. మొరటుగా పిండితే మూత్రాశయం పగలొచ్చు. నిండుగా వదిలేస్తే కండరం సాగిపోయి, నరాలు కోలుకున్నా అది కోలుకోకపోవచ్చు. ఇది వీడియో చూసి నేర్చుకునే విద్య కాదు. నాకు పట్టుబడటానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ "మీ చెయ్యి భయపడుతోంది, దానికి తెలిసిపోతోంది" అని నవ్వుతూనే ఉంది.

మధ్యలో మబ్బు తిండి మానేసింది. నేను సిరంజితో నోట్లో పోస్తానంటే ఆ అమ్మాయి వద్దంది. బలవంతం చేస్తే ఆ తిండి మీదే విరక్తి పుడుతుందట. అలాగని మూడు రోజులు వదిలేస్తే కొవ్వంతా కాలేయానికి చేరి ఇంకో జబ్బు, లావు పిల్లులకు మరీను. మబ్బు లావే. ఆ అమ్మాయి తిండిని గోరువెచ్చగా చేసి వాసన లేపింది. బోనులో ఒక అట్టపెట్టె పెట్టింది, దాక్కోవడానికి. కుక్కలు కనబడకుండా గుడ్డ వేసింది. అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు మబ్బు తిన్నదట. తిండికి ట్యూబు వేసే అవసరం తప్పింది.

ఇంటికి తెచ్చాక పదహారో రోజు పొద్దున ఇసుక ట్రేలో ఒక ముద్ద తడిగా కనిపించింది. నేను ఏడ్చేశాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

మీరు ఈ పశువైద్య నర్సు కోర్సు చేద్దామని అడిగారో, ఊరికే అడిగారో తెలియదు. చేసేటట్టయితే ఒక్క విషయం. పదో రోజు మబ్బు నా చెయ్యి కొరికింది, బొటనవేలి కింద రెండు చిన్న చుక్కలు, అంతే. కడిగేసి ఊరుకున్నాను. మర్నాడు తోక తీసిన చోట కుట్లు చూపించడానికి వెళ్తే, ఆ అమ్మాయి బుట్ట వైపు చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. వాచిపోయి ఎర్రగా ఉంది. పిల్లి పళ్ళు సూదుల్లాంటివి, పైన చిల్లు మూసుకుపోతుంది, సూక్ష్మజీవులు లోపలే ఉండిపోతాయి.

"ముందు మీరు మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండక్కా. మబ్బుకు మధ్యాహ్నం మూత్రం నేను తీస్తా."

బుట్ట అక్కడే పెట్టి వెళ్ళాను.