డాక్టరమ్మ జవాబు: 5 శాతమా, 21 శాతమా?

ప్రశ్న: మాది సిరోంచ దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు. కాపర్-టీ వేయించుకుంటే బ్లీడింగ్ ఎక్కువై తీయించేశాను. మాత్రలు వేసుకుంటే ఒకటే తలనొప్పి. మావారు కండోమ్ అంటేనే చిరాకుపడతారు. ఆడవాళ్ల కండోమ్ 5 శాతం ఫెయిలవుతుందని ఒకచోట, 21 శాతమని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి? వీటిని ఎలా పరీక్షిస్తారు? కొబ్బరినూనె రాసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, గడ్చిరోలి జిల్లా

జవాబు: రెండూ నిజమేనమ్మా. ఏడాదిపాటు ప్రతిసారీ, తూచా తప్పకుండా వాడే వంద మందిలో 5గురికి గర్భం వస్తుంది. ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అనుకునేవాళ్లనీ, సరిగ్గా పెట్టుకోనివాళ్లనీ కలిపితే 21 మంది. నన్నడిగితే 21నే లెక్కలో పెట్టుకోండి. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, పిల్లలు పడుకున్నాక, కరెంటు లేని రాత్రి కూడా పద్ధతి తప్పకపోవడం అందరివల్లా కాదు.

ఇక పరీక్షలు. ఫ్యాక్టరీలో నీళ్లు నింపి కారుతుందేమో చూస్తారు, గాలి నింపి ఎంతకు పగులుతుందో చూస్తారు. ఇది మెషీన్ల పని. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఒప్పుకున్న ఆడవాళ్లకిచ్చి, వాడిన ప్రతిసారీ వివరాలు రాసుకుంటారు: చిరిగిందా, జారిందా, కండోమ్ అంచున, ఒంటి బయట ఉండాల్సిన రింగు లోపలికి పోయిందా, అంగం కండోమ్‌లోకి కాకుండా పక్కనుంచి వెళ్లిందా అని. ఈ చివరిది మగవాళ్ల కండోమ్‌లో ఉండని తంటా. అందుకే మొదట్లో మీ చేత్తోనే దారి చూపాలి, సిగ్గుపడితే కుదరదు. దక్షిణాఫ్రికా, చైనాల్లో మూడు కొత్త రకాలను ఎఫ్‌సీ2 అనే పాత రకం ఆడవాళ్ల కండోమ్‌తో ఇలాగే పోల్చి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఆ మూడింటిలో ఒకటైన క్యుపిడ్ మీ మహారాష్ట్రదే, నాసిక్ జిల్లా సరుకు.

కొబ్బరినూనె సంగతి ప్యాకెట్ చూసి తేల్చుకోవాలి. క్యుపిడ్ లేటెక్స్‌ది, అంటే రబ్బరు పాలతో చేసింది. నూనె తగిలితే దెబ్బతింటుంది. రబ్బరు పడక దురద, దద్దుర్లు వచ్చేవాళ్లకూ అది వద్దు. ఎఫ్‌సీ2 నైట్రైల్ అనే కృత్రిమ పదార్థంతో చేసింది, నూనెకు చెడిపోదు. పైగా మగవాళ్ల కండోమ్, ఇది రెండూ ఒకేసారి వాడకూడదు. ఒరిపిడికి జారతాయి, చిరుగుతాయి.

వీర్యకణాలను చంపుతుందని లోపల పెట్టుకునే మాత్ర ఎవరైనా ఇస్తే, దాని మీద నానాక్సినాల్-9 అని ఉందేమో చూడండి. ఆ మందున్న జెల్‌ను ఆఫ్రికా, థాయిలాండ్‌లలో సెక్స్ వర్కర్లకిచ్చి హెచ్‌ఐవీని ఆపుతుందేమోనని పరీక్షిస్తే, ఎక్కువసార్లు వాడినవాళ్లకు ముప్పు పెరిగిందని తేలింది. లోపలి పొరను అది గాయపరుస్తుంది. మీకు ఆ ముప్పు లేకపోయినా, మంట పుడితే మానేయండి.

ఇంకో మాట. ఇది ఆయనకు తెలియకుండా వాడే వస్తువు కాదు, బయటి రింగు కనిపిస్తుంది. ముందే చెప్పండి. తనేమీ తొడుక్కోనక్కర్లేదంటే చాలామంది సరేనంటారు. చిరిగినా, జారినా 72 గంటల్లోపు, వీలైతే ఆ మర్నాడే, ఎమర్జెన్సీ మాత్ర వేసుకోండి. ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తుంది.