పాత ట్రాక్టర్‌కి కువైట్ నుంచి డబ్బులు పంపే తమ్ముళ్ళకి

తమ్ముడూ, నువ్వు వచ్చి ఎనిమిది నెలలే అయిందన్నావు, నిన్ను పంపిన ఏజెంటు బాకీ కూడా ఇంకా కొంచెం మిగిలుందన్నావు, నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన మీ నాయన ఆరెకరాలు చేస్తా ఉండాడు, పాత మాస్సీ 1035 ట్రాక్టర్ ఒకటి మూడు లక్షలకి మాట్లాడాడు, ఫోటోలు బాగుండాయి, డబ్బులు వేసెయ్యమంటావా అన్నా అని అడిగావు. ఈ నెల వెయ్యబాక. ఎందుకు వద్దంటున్నానో కొంచెం పొడుగ్గానే చెప్తా, ఎందుకంటే నువ్వడిగిన మాట నేను 2010లో ఎవర్నీ అడగలా, అడిగుంటే నాకు ఆరున్నర నెలల జీతం మిగిలేది.

నేను 2006లో హౌస్ డ్రైవర్‌గా వచ్చా, జీతం 90 దినార్లు. అప్పట్లో దినార్ 160 రూపాయల దరిదాపుల్లో ఉండేది, మీ కాలం పిలకాయలకి వచ్చే రేటు మాకు లేదు. నాలుగేళ్ళు ఖుబ్జు (ఇక్కడి రొట్టె) పప్పులో ముంచుకుని తిని 1,200 దినార్లు కూడబెట్టా. మాది ఆత్మకూరు పక్క పల్లె. దమ్ము టైముకి, అదే నాట్ల ముందు మడిలో నీళ్ళు పెట్టి బురద దున్నే టైముకి, బాడుగ ట్రాక్టర్ దొరక్క నాయన మూడేసి రోజులు గట్టు మీద కూర్చుంటా ఉండాడని అమ్మ ఫోన్లో చెప్తే నాకిక్కడ నిద్ర పట్టేది కాదు. అప్పుడు మా బావ ఒక బండి చూశాడు, సముద్రం పక్క ఊళ్ళో. ఎర్ర రంగు తళతళా మెరిసిపోతా ఉంది, బ్యానెట్ మీద స్టిక్కర్లు కొత్తవి, మీటర్లో 2,300 గంటలు. బావ పైటాల పూట, అంటే మధ్యాహ్నం, పోయాడు, ఓనరు సెల్ఫ్ కొట్టాడు, ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. అంతే. 1,90,000కి బేరం కుదిరింది, మొత్తం ఒకేసారి పంపించా, నా దగ్గర పది దినార్లు కూడా ఉంచుకోలా.

ఎడగారు పంట దమ్ముకి దిగిన పదకొండో రోజు నాయన ఫోను, ఇంజన్ గేజీ (ఆయిలు కొలిచే పుల్ల) తీసి చూస్తే ఆయిలు టీ రంగులో ఉందిరా అని. నీళ్ళు కలిసిపోయాయి. బండి ఇప్పితే పిస్టన్లు ఆడే లైనర్ల కింద ఉండే రబ్బరు రింగులు పోయి రేడియేటర్ నీళ్ళు ఆయిల్లోకి దిగినాయి. ఇంజన్ పనికి 38 వేలు. అది అయింది అనుకుంటే వెనక నాగలి ఎత్తే లిఫ్టు లేవలా, మాస్సీలో గేరు ఆయిలూ హైడ్రాలిక్ ఆయిలూ ఒకటే, పంపు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటది, సీళ్ళలోంచి బురద నీళ్ళు లోపలికి పోయి పంపుని తినేసినాయి. దానికి 21 వేలు. తర్వాత క్లచ్ 9 వేలు, వెనక టైర్లు 26 వేలు. ఏడాది తిరిగేలోపల 94 వేలు. రూమ్మేట్ల దగ్గర అప్పు చేసి, చిట్టీ ముందే పాడి, ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర నిలబడి పంపిన ప్రతిసారీ లెక్క రాసుకున్నా, ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత తెలిసింది ఏందంటే ఆ బండి ఆరేళ్ళు రొయ్యల గుంటల్లో పని చేసింది. గుంట ఎండగట్టినప్పుడు బురద లాగడం, కట్టలు వెయ్యడం, అంతా ఉప్పు నీళ్ళలోనే. రంగు పైన కొట్టారు గానీ ఫుట్‌బోర్డు కింద వేలు పెడితే తుప్పు రేకులు రేకులుగా ఊడొచ్చేది. బావ వంగి చూడలా, నేను చూడమని చెప్పలా.

2012లో రెండు నెలల సెలవు మీద పోయినప్పుడు ఊళ్ళో తిరగడం మానేసి టౌన్లో ఒక ముసలి మేస్త్రీ షెడ్డులో రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నా, స్పానర్లు అందిస్తా. అక్కడ నేర్చుకున్నదే నాకు ఇక్కడ అన్నం పెట్టింది, ఇవాళ కువైట్ షువైఖ్‌లో గ్యారేజీలో ఫోర్‌మన్‌గా ఉండానంటే ఆ రెండు నెలలే. 2016లో నాయనకి రెండో బండి నేనే దగ్గరుండి కొన్నా, ఇప్పటికీ తిరుగుతా ఉంది, ఇంతవరకు ఇంజన్ ఇప్పలా. కాబట్టి నా మాట కొంచెం విను.

మీరందరూ మోడల్ ఏ సంవత్సరం, ఎన్ని గంటలు తిరిగింది అని అడుగుతారు. గంటల మీటరు పాత బండ్లలో కేబుల్ తెగితే ఆగిపోతది, ఆ తర్వాత ఎన్నేళ్ళు తిరిగినా అదే అంకె చూపిస్తది, మీటరే మార్చేసే వాళ్ళూ ఉండారు. నువ్వు అడగాల్సింది ఆ బండి ఇన్నేళ్ళూ ఏం పని చేసింది అని. మన నెల్లూరు మాగాణిలో దమ్ము బండ్లుంటాయి, ఇనప చక్రాలేసి మోకాలి లోతు బురదలో ఏడాదికి రెండు పంటలకి తొక్కినవి, వాటికి ఇంజన్ బాగున్నా యాక్సిల్ సీళ్ళు, ముందు చక్రాల బేరింగులు, బ్రేకులు చూసుకోవాల. పెన్నా ఇసక తోలిన బండ్లకి క్లచ్, గేరు బాక్సు అరిగి ఉంటాయి, వెనక ట్రక్కు తగిలించే బొక్క గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు లాగా సాగి ఉందంటే అది పొలం బండి కాదు. చీమకుర్తి వైపు క్వారీల్లో కంప్రెసర్ బిగించి నడిపిన బండ్లైతే ఇంకా మోసం, టైర్లు కొత్తవిలాగే ఉంటాయి, ఎందుకంటే బండి కదలదు, ఒక్కచోటే నిలబడి ఇంజన్ మాత్రం రోజంతా ఫుల్లులో తిరిగి ఉంటది, మనం టైర్లు చూసి తక్కువ తిరిగిందనుకుంటాం. నా రెండో బండి దర్శి పక్కన కంది, శనగ వేసే మెట్ట రైతుది, స్వరాజ్ 735, జన్మలో దమ్ము ఎరగదు. రంగు వెలిసిపోయి ఉంది, సీటు చినిగి ఉంది, అందుకే పదిహేను వేలు తక్కువకి వచ్చింది. క్లచ్ పెడలు మీద రబ్బరు, స్టీరింగు, పీటీఓ షాఫ్టు (వెనక రోటవేటర్‌ని తిప్పే కడ్డీ) పళ్ళు, వీటి అరుగుదల రంగు కొట్టి దాచడం కష్టం, మీటరు కంటే వాటిని నమ్ము.

ఇంక స్టార్టింగు. మన ఎండలకి నెల్లూర్లో కంప్రెషన్ సగం పోయిన ఇంజన్ కూడా పైటాల పూట టకామని స్టార్ట్ అవుతుంది, అందుకే మా బావ మోసపోయాడు. తెల్లారుజామున ఆరింటికి పోవాల, వస్తున్నామని ముందు రోజు చెప్పకూడదు, పోగానే ఇంజన్ బ్లాకు మీద అరచెయ్యి పెట్టాల. వెచ్చగా ఉంటే మనం రాకముందే ఎవరో తిప్పి పెట్టారని అర్థం, టీ తాగి ఇంటికి వచ్చెయ్యమను. చల్లగా ఉంటే అప్పుడు సెల్ఫ్ కొట్టమను. ఫోటో తియ్యబాకండి, వీడియో, సైలెన్సర్ కనపడేటట్టు, కనీసం పది నిమిషాలు ఆపకుండా. మొదట కొంచెం తెల్లపొగ వచ్చి పోతే భయం లేదు, వేడెక్కినాక కూడా తెల్లగా వస్తా ఉంటే డీజిల్ చిమ్మే నాజిళ్ళో, పంపు టైమింగో, కంప్రెషనో, నీళ్ళు దిగడమో ఏదో ఉంది. నీలం పొగ అంటే ఆయిలు కాలుతుంది, రింగులు లైనర్లు అయిపోయినాయి, అది పెద్ద ఖర్చు. నల్లపొగ లోడు మీద కొద్దిగా అయితే అందరికీ వస్తది, లోడు లేకుండా నల్లగా కక్కితే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడమను, తర్వాత నాజిళ్ళు. తర్వాత ఇంజన్ తిరుగుతుండగానే ఆయిలు పోసే మూత తియ్యమను. అక్కడ్నించి గుప్పుగుప్పుమని పొగ, ఆవిరి తన్నుకొస్తే ఇంజన్‌కి బోరు పని చేయించాల్సి వచ్చినట్టే, ఎవరేం చెప్పినా వినొద్దు. కొంతమంది పొగ తగ్గాలని, ప్రెజర్ ముల్లు పైన నిలబడాలని మందం ఆయిలు పోసి అమ్ముతారు, కాబట్టి గేజీ ఆయిలు రెండు వేళ్ళ మధ్య రాసి చూడమను, గేరు ఆయిలు లాగా జిగటగా ఉంటే అనుమానించాల్సిందే.

తర్వాత పొలంలో అరగంట దున్నించాల, రోడ్డు మీద అటూ ఇటూ తిప్పితే ఏం తెలీదు. బాగా వేడెక్కినాక ఐడిల్లో పెట్టి ఆయిల్ ప్రెజర్ ముల్లు చూడాల, చల్లగా ఉన్నప్పుడు నిలబడిన ముల్లు వేడిలో సున్నా దగ్గర పడిపోతే బేరింగులు పోయినట్టు. లోడు మీద గేరు దానంతటదే ఊడొస్తుందా, పెద్ద గేరులో పెట్టి బ్రేకు తొక్కి క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోతుందా లేదా (ఆగకపోతే ప్లేటు జారుతుంది), ఇవి మేస్త్రీకి నువ్వు చెప్పక్కర్లా. లిఫ్టుకి రోటవేటర్ తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపేసి, పావుగంట మాట్లాడుకుంటా కూర్చోమను. మూడు నాలుగు క్వింటాళ్ళ బరువది, కొంచెం జారొచ్చు, కళ్ళ ముందే నేలకి దిగిపోతే లిఫ్టు పని ఉంది. మాస్సీ అయితే గేరు బాక్సు ఆయిలు గేజీ కూడా తప్పకుండా తీసి చూడాల, పాలు కలిసినట్టుంటే నీళ్ళు పోయినాయి, నా 21 వేలు గుర్తు చేసుకో.

మేస్త్రీ ఎవరంటే ఓనరు చూపించినవాడు కాదు, ఓనరు ఊరివాడూ కాదు. వెయ్యి రెండు వేలు కూలి, పెట్రోలు ఇచ్చి నీ మనిషిని తీసుకుపోమను. మీ నాయన మొహమాటపడతాడు, మా నాయనా అంతే, బండి ముందు ఓనరు ఎదురుగ్గా మూత తియ్యమనడానికి నోరు రాదు. మేస్త్రీకి ఆ మొహమాటం ఉండదు.

కాగితాల సంగతి నేను ఎక్కువ చెప్పను, రూల్స్ ఎప్పటికప్పుడు మారతాయి, ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవచ్చు. ఓనరు పేరు మార్చే 29, 30 ఫారాలు సంతకం, ఫైనాన్స్ ఉంటే అది తీరిందని 35 ఫారం తెచ్చుకోవడం, ఆర్సీలో నంబర్లు బండి మీద ఇంజన్, చాసిస్ నంబర్లతో కలుస్తున్నాయో లేదో చూసుకోవడం. నంబర్ ఏపీ 26 ఉంటే నెల్లూరు, 27 ఉంటే ప్రకాశం, 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే వరస, ఏపీ 39తో మొదలైంది, కాబట్టి ఆ నంబర్ చూసి యాడ తిరిగిందో చెప్పలేం. ఎవరైనా హెచ్‌ఎంటీ చవగ్గా ఇస్తామంటే ఆలోచించుకో, వాళ్ళ ట్రాక్టర్ ఫ్యాక్టరీ మూసెయ్యాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది, సామాన్ల కోసం తిరగాల్సొస్తది.

అన్నిటికంటే నాకు భయం నీ డబ్బు గురించే, అందుకే మళ్ళీ దానికే వస్తున్నా. నీ దగ్గర మూడు లక్షలుంటే మూడు లక్షల బండి కొనగూడదు. రెండు లక్షల చిల్లర బండి చూసి, మిగతాది మీ నాయన అకౌంట్లో కాదు, నీ దగ్గరే ఇక్కడ అట్టిపెట్టుకో, మొదటి ఏడాది అది రిపేర్లకి పోతుంది అనుకునే కొను. రెండు లక్షలకి సరైనది దొరక్కపోతే ఆగు. ఆరెకరాలకి సొంత బండి లేకపోతే కొంపలేం మునగవు, బాడుగకి దున్నించుకుంటే ఏడాదికి ఎంతవుద్దో మీ నాయన్ని కూర్చోబెట్టి లెక్క వేయించు, ఇక్కడ నీ ఏజెంటు బాకీ మీద ఎంత వడ్డీ పోతుందో పక్కన రాయి. మొన్న మొన్న వచ్చిన పిలకాయలు చానా మంది ఇల్లు, బండి, చెల్లెలి పెళ్ళి అన్నీ మొదటి రెండేళ్ళలోనే చెయ్యాలని చూస్తారు, అకామా (ఇక్కడ ఉండే పర్మిట్) రెన్యువల్ టైముకి నా దగ్గరికొచ్చి అన్నా 50 దినార్లు సర్దు అంటారు. నువ్వు అట్టా రాబాక. అడ్వాన్స్ పదివేలకి మించి ఇయ్యొద్దని చెప్పు, మిగతాది మేస్త్రీ సరే అన్న తర్వాత, ఆర్సీ చేతికొచ్చే రోజు.

ఇంకా ఆ బండే చూడాలని ఉంటే వచ్చే శుక్రవారం పెట్టుకోండి, మనకి సెలవు. అక్కడ పొద్దున ఆరంటే మనకి మూడున్నర, అలారం పెట్టుకుని లెయ్యి. వీడియో కాల్లో నన్ను కూడా కలుపు, నేను లేచే ఉంటా. ముందు బ్లాకు మీద మీ నాయన చెయ్యి పెట్టేది చూపించమను, తర్వాత సెల్ఫ్.