పీజీ మానేసి క్లినికల్ రీసెర్చ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్సీలో ఉంది. అమెరికాలో చాలా వైద్య పరిశోధన కేంద్రాలు క్లినికల్ రీసెర్చ్ వైపు, అంటే రోగులతో చేసే పరిశోధన వైపు మారాయట. నీట్ పీజీ రాయకుండా అక్కడ అందులోనే మాస్టర్స్ చేస్తానంటోంది. పంపమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమేనండీ. కానీ సగమే చెప్పింది.

అమెరికాలో 1960 నుంచి ఎన్‌ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బుతో పెద్ద ఆస్పత్రుల్లో పరిశోధనకంటూ విడిగా మంచాలు, నర్సులు ఉండేవారు. ఎలుక మీద పనిచేసిన మందు రోగి దాకా రావడానికి ఏళ్లకు ఏళ్లు పడుతోందని, ఆ మధ్యలో పని తెలిసిన డాక్టర్లు చాలడం లేదని 2006లో పద్ధతి మార్చారు. మొదట 12 సంస్థలతో సీటీఎస్‌ఏ అనే పథకం మొదలైంది. మంచాలతో పాటు మనుషుల్ని తయారుచేయడం కూడా అందులో పెద్ద పని: ట్రయల్ (మందును మనుషుల మీద పరీక్షించడం) డిజైన్, స్టాటిస్టిక్స్, ఎథిక్స్ నేర్పే మాస్టర్స్ కోర్సులు.

మిగతా సగం ఇదీ. ఆ కోర్సుల్లో చాలావరకు రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ), ఆ తర్వాతి ఫెలోషిప్‌లో ఉన్న డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాళ్లకు చూసే రోగులు ముందే ఉంటారు. మీ అమ్మాయి ఒట్టి ఎంబీబీఎస్‌తో వెళ్తే డిగ్రీ వస్తుంది గానీ, అక్కడ వైద్యం చేసే లైసెన్సు రాదు. చివరికి వేరొకరి ట్రయల్‌కి కోఆర్డినేటర్‌గా మిగిలిపోవచ్చు. అది తక్కువ పనని కాదు, దానికి ఎంబీబీఎస్ దాకా చదవక్కర్లేదు.

అందుకే నేనైతే పీజీ ముందంటాను. జనరల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, ఏదైనా సరే. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ఎండీ తీసుకుంటే తర్వాత క్లినికల్ ఫార్మకాలజీలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ ఉంది. మన దగ్గర పీజీ థీసిస్‌ని చాలామంది తద్దినం పెట్టినట్టు కానిచ్చేస్తారు, ఈ అమ్మాయి దాన్నే సీరియస్‌గా చేస్తే చాలు. పీజీ అస్సలు వద్దంటే చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల వ్యాప్తిని చదివే శాస్త్రం) సంస్థలో రెండేళ్ల ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్ చూడమనండి. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అనే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం వద్దు.

ఈ వారమే ఒక పని చెప్పండి. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ అనే ఆన్‌లైన్ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. గుంటూరు, విశాఖల్లో ఏ ట్రయల్ ఎవరు నడుపుతున్నారో, వాళ్లేం చదివారో వెతకమనండి. తర్వాత వాళ్లలో ఒకరిని అడిగి, పేషెంటు దగ్గర కన్సెంట్ (ట్రయల్‌లో చేరడానికి సమ్మతి) తీసుకునేటప్పుడు పక్కన నిలబడమనండి. 'మీకిచ్చేది అసలు మందో, ఉత్తి మాత్రో నాకూ తెలియదమ్మా' అని ఒక పల్లెటూరి ముసలావిడకు భయపెట్టకుండా చెప్పాలి. ఈ పని తనకు నచ్చుతుందో లేదో అమ్మాయికి అక్కడే తెలిసిపోతుంది.