సాఫ్ట్‌వేర్ 310 చెప్పింది, ఆల్టిమీటర్ 238 చూపించింది

ప్రశ్న: మాది బెంగళూరులో ఓ ఇంజనీరింగ్ కాలేజీ జట్టు. 25 మి.మీ. ట్యూబుతో చేసిన మోడల్ రాకెట్‌కి సి6-5 రకం మోటారు పెట్టాం. రాకెట్ ఎంత ఎత్తుకు వెళ్తుందో ముందే లెక్కగట్టే ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్‌లో 80 గ్రాముల బరువుకి 310 మీటర్లు వచ్చింది. ఎగరేస్తే ఎత్తు కొలిచే ఆల్టిమీటర్ 238 దగ్గరే ఆగింది. సీడీ (గాలి నిరోధాన్ని చెప్పే అంకె) పెంచి లెక్క సరిపెట్టేయవచ్చా?
– ఒక విద్యార్థి, జయనగర

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు లాంచ్ సైట్ వివరాలు చూడండి. అవి మార్చకపోతే మీ రాకెట్ సాఫ్ట్‌వేర్ లెక్కలో ఫ్లోరిడా తీరంలో, సముద్రమట్టం దగ్గర ఎగురుతున్నట్టే. బెంగళూరు ఎత్తు సుమారు 920 మీటర్లు. 29 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.05 కిలోల దగ్గర ఉంటుంది, ప్రామాణిక విలువ 1.225. గాలి పలచనైతే డ్రాగ్ (గాలి నిరోధం) తగ్గుతుంది కాబట్టి అంచనా తగ్గకపోగా 15–20 మీటర్లు పెరుగుతుంది. కంగారు పడకండి, ఇన్నాళ్లూ ఒక తప్పు ఇంకో తప్పును కప్పేసిందన్నమాట.

ఆల్టిమీటర్ మాటా పూర్తిగా నమ్మలేం. అది కొలిచేది పీడనం. దాన్ని మీటర్లలోకి మార్చేటప్పుడు చాలావరకు ప్రామాణిక వాతావరణాన్నే పట్టుకుంటుంది, ఆ లెక్కన బెంగళూరు ఎత్తులో ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. మీరు ఎగరేసిన రోజు 29 ఉంటే, కెల్విన్‌లోకి మార్చి 302ని 282తో భాగించి, వచ్చినదాంతో 238ని గుణించండి. అసలు ఎత్తు 255 మీటర్లు.

ఇక మిగిలిన తేడాలో పెద్ద వాటా సాధారణంగా బరువుదే. ఆ 80 గ్రాములు సాఫ్ట్‌వేర్ కూడికే తప్ప త్రాసు చెప్పింది కాదుగా? ఫిన్ల (తోక రెక్కల) మొదట్లో ఎపాక్సీ, రెండు కోట్ల పెయింటు, పారాచూట్‌ను పట్టి ఉంచే షాక్ కార్డు, దాన్ని వేడి నుంచి కాపాడే వాడింగ్, ఆల్టిమీటర్ బ్యాటరీ కలిస్తే పది పన్నెండు గ్రాములు ఇట్టే చేరతాయి. ఇంత తేలిక రాకెట్‌లో 12 గ్రాములంటే 30–40 మీటర్లు పోయినట్టే. మోటారుతో సహా అన్నీ బిగించాక వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, ట్యూబును దారానికి వేలాడదీసి గురుత్వ కేంద్రం పట్టుకుని, ఆ రెండు విలువలూ సాఫ్ట్‌వేర్ లెక్కకు బదులు వాడేలా ఓవర్‌రైడ్‌లో వేయండి.

తర్వాత గాలి. నిలబెట్టిన లాంచ్ రాడ్డును రాకెట్ వదిలేటప్పుడు వేగం సెకనుకు 12 మీటర్లు, అడ్డగాలి 4 మీటర్లు ఉంటే రాకెట్‌కి గాలి 18 డిగ్రీల ఏటవాలుగా తగులుతుంది. స్థిరత్వం 2 క్యాలిబర్లు (ట్యూబు వ్యాసానికి రెండింతలు) దాటిన రాకెట్ గాలి వచ్చే వైపే ముక్కు తిప్పేసి, ఎత్తుకు బదులు దూరం పోతుంది. ఆషాఢం గాలుల్లో తీసిన రీడింగుతో సీడీ తేల్చడం దండగ. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు ఎగరేయండి.

డిలే (మోటారు ఆరిపోయాక పారాచూట్ విడిపోయేదాకా పట్టే సమయం) మీద నింద వేసేవాళ్లు చాలామంది. శిఖరానికి ఒక సెకను ముందు పారాచూట్ విడిపోతే పోయేది 5 మీటర్లే, రెండు సెకన్లయితే 20. మోటార్లలోనూ ఒకదానికీ ఇంకోదానికీ కాస్త తేడా ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాక సీడీ ముట్టుకోండి. ఫిన్ల అంచులు చతురస్రంగా వదిలేశారా, గుండ్రంగా రుద్దారా, లాంచ్ లగ్ (రాడ్డు దూరే చిన్న గొట్టం) డిజైన్‌లో చేర్చారా అన్నది ముందు సరిచూడండి. మూడుసార్లు ఎగరేసిన సగటుకు సీడీ సరిపెడితే తర్వాతి మోటారుకు కూడా ఆ అంకె పనికొస్తుంది.

ప్రశ్న: బయటి పీడనం అందడానికి ఆల్టిమీటర్ గదికి ఒక రంధ్రం చాలదా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: చాలదు. ఒక్కటే ఉంటే గాలి ఎటు తగిలితే అటు పీడనం మారిపోతుంది. ఒకే కొలతవి మూడు, చుట్టూ సమదూరంలో, నోస్ కోన్ (రాకెట్ ముక్కు) అతుకు నుంచి కనీసం నాలుగు వ్యాసాల కిందికి పెట్టండి. 25 మి.మీ. ట్యూబుకైతే 10 సెంటీమీటర్లు. డ్రిల్ చేశాక లేచిన పీచును ఎమరీ పేపరుతో తీసేయండి. సెన్సరు మీద నేరుగా ఎండ పడినా రీడింగు ఎగిరిపడుతుంది, నల్ల స్పాంజి ముక్క అడ్డం పెట్టండి. పారాచూట్ విడిపోయిన క్షణంలో గ్రాఫు ఒక్కసారిగా కిందికి గుచ్చుకుంటే, పారాచూట్‌ను బయటికి నెట్టే ఎజెక్షన్ పొగ గదిలోకి వస్తోందని అర్థం. మధ్య అడ్డుపలక చుట్టూ సీలు మళ్లీ వేయండి.