మీ ప్రశ్న, మా జవాబు: గల్లా నిండుతోంది, చేతిలో మిగలడం లేదు

ప్రశ్న: మారతహళ్లిలో మూడేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 వేల అమ్మకం. అయినా అద్దె వేళకు చేబదులే. ఫైనాన్స్‌లో 10 వేలకు రాసి 9 వేలు తెచ్చుకుని, రోజుకు వంద చొప్పున 100 రోజులు కడుతున్నాం. నేను డిగ్రీ, మా ఆయన పదో తరగతి. ఇద్దరికీ లెక్క అంతుపట్టడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చదువులో కాదు. ఇల్లు, కొట్టు ఒకే గల్లా మీద నడుస్తుంటే ఎంత చదివినవారికైనా లాభం కనబడదు. పిల్లల ఫీజు, చీటీ కంతు, ఇంటికి తీసుకెళ్లిన కూర అన్నీ అందులోనే కలిసిపోతాయి.

ముందు కొట్టుకు వేరే ఖాతా తెరిచి, క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. మీ ఇద్దరికీ నెలకు ఇంతని జీతం అనుకుని, ఒకే తేదీన ఇంటి ఖాతాకు పంపుకోండి. రాత్రి కొట్టు కట్టే ముందు పొద్దుటి చిల్లరకు నగదు అమ్మకం కలిపి, నగదు ఖర్చు తీసేయండి. ఆ అంకె గల్లాలో ఉన్నదానితో సరిపోవాలి. తేడా వస్తే ఆ రాత్రే వెతకండి. మూడు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు.

ఎక్కువమంది తప్పేది అరువు సరుకు దగ్గర. సోమవారం తెచ్చిన నూనె డబ్బాను శనివారం డబ్బిచ్చినప్పుడు ఖర్చు రాస్తారు. వారమంతా లాభం ఉన్నట్టే ఉంటుంది, శనివారం గల్లా ఖాళీ. తెచ్చిన రోజే బాకీ పేజీలో ఎక్కించండి. పారబోసిన కూరలు కూడా రాస్తే ఏ వారం ఏది తగ్గించి వండాలో తెలుస్తుంది.

ఇక ఫైనాన్స్. 10 వేలకు వెయ్యి కోత, పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ రోజూ కడుతుండగా అసలు తరుగుతుంది. 100 రోజుల్లో సగటున మీ చేతిలో ఉన్నది సుమారు 4,700 రూపాయలే. ఏడాది వడ్డీగా చూస్తే సుమారు 78 శాతం! ఎవరి దగ్గరైనా చేతికెంత, మొత్తం కట్టేదెంత, ఎన్నాళ్లకు అని అడగండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటుంది. మీ ఏడాది అమ్మకం దాదాపు 25 లక్షలు. జీఎస్టీ నమోదుకు 40 లక్షల హద్దు సరుకు అమ్మేవారికి. వండి అమ్మడం, పార్సిలే అయినా, సేవ కిందికి వస్తుంది. దాని హద్దు 20 లక్షలే, మీరు అది దాటారు. 2025 జులైలో యూపీఐ వసూళ్లు చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. చీటీ డబ్బు, బంధువులు పంపినది కూడా అదే క్యూఆర్‌లో పడితే, అది అమ్మకం కాదని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది. నమోదయ్యాక రెండు దారులు. కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల సులభ పద్ధతిలో అమ్మకంపై 5 శాతం పన్ను మీరే భరించాలి, శాఖకు ఇవ్వాల్సిన లెక్కలు (రిటర్నులు) తక్కువ. మామూలు పద్ధతిలో ఆ 5 శాతం బిల్లులో వసూలు చేసుకోవచ్చు, కాగితం పని ఎక్కువ. ఏది మేలో ఆడిటరుతో అంకెలు వేయించండి. కన్నడ, ఇంగ్లిష్ కాగితాలేవైనా తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: కుట్టు దుకాణానికి ముద్రా లోను కావాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదుకే ఏజెంటు 3 వేలు అడుగుతున్నాడు. ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, చిక్‌పేట

జవాబు: వద్దు. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం; ఆధార్, పాన్‌తో మీరే చేసుకోవచ్చు. ముద్రాలో 50 వేల వరకు లోనును శిశు, 5 లక్షల వరకు కిశోర్ అంటారు, తాకట్టు అక్కర్లేదు. మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖకే నేరుగా వెళ్లండి. మిషన్ల కొటేషన్, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.