పెన్నేరు గడ్డ పాలు తాగొచ్చా?

ప్రశ్న: మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లే రోజులొస్తే ధర టెన్షన్‌తో రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. మా అత్తమ్మ పెన్నేరు గడ్డ పొడి పాలలో కలిపి తాగమంటోంది. నేను థైరాయిడ్ గోళీ వేసుకుంటాను. తాగొచ్చా?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ మాట తీసిపారేసేది కాదు. పెన్నేరు గడ్డ అంటే అశ్వగంధే. పచ్చి వేరు నలిపితే గుర్రం వాసన వస్తుంది, పేరు అందుకే. శాస్త్రీయ నామంలో ‘సోమ్నిఫెరా’ అంటే నిద్ర తెచ్చేదని. పొడి రోజుకు 3 నుంచి 6 గ్రాములు వాడతారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది.

కానీ మీరు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. గోళీకి ఇది తోడైతే గుండె దడ పుట్టి, ఉన్న నిద్ర కూడా పోతుంది. అసలు గోళీ మోతాదు ఎక్కువైనా నిద్ర పట్టదు, నాకు మొదటి అనుమానం అదే. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించి, గోళీ ఇచ్చిన డాక్టరుకు చూపించండి. ఆ కాగితాలతోనే వరంగల్ అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆస్పత్రికి వెళ్లండి. గర్భిణులు, కాలేయ జబ్బున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఈలోగా పొద్దుగూకాక చాయ్ మానేయండి. రాత్రి ఉత్త గోరువెచ్చని పాలు చాలు.