పాత వించెస్టర్ కొనే ముందు అల్లుడికి రాసిన ఉత్తరం

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ నిదానంగా చూశాను. వించెస్టర్ మోడల్ 70 రైఫిల్, 30-06 అనే రకం తూటాకి చేసింది, సీరియల్ నంబరు లక్షా యాభై వేల దగ్గర. అమ్మే పెద్దాయన "ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది" అన్నాడని రాశావు. ఆయన అబద్ధమాడుతున్నాడని నేననను. తండ్రి దగ్గర చూసిన రైఫిల్, ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే ఉండి ఉంటుంది. అంతకు ముందు దానికి ఎవరు ఏం చేశారో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకే ఆయన్ని అడగడం మానేసి రైఫిల్‌నే అడుగు. బారెల్ (గొట్టం), బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ), రిసీవర్ (ఆ రెండూ బిగిసే ఉక్కు చట్రం), భుజానికి ఆనించే కర్ర, ఈ నాలుగూ ఒకే కాలానికి చెందినవేనా అన్నదే నువ్వు తేల్చుకోవాల్సింది.

దానికంటే ముందు ఇంకో మాట. నువ్వింకా హెచ్-1బి మీదే ఉన్నావు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ముందు ఆ లైసెన్సు తీసుకో, దాని గడువు దాటనివ్వకు. టెక్సస్‌లో ఇద్దరు మనుషులు నేరుగా అమ్ముకోవచ్చని ఎవరైనా చెప్పినా నువ్వు అలా చెయ్యకు. లైసెన్సున్న డీలర్ దగ్గరికి వెళ్లి, కొనేవాళ్లు నింపే ఫెడరల్ కాగితం, ఫారం 4473 నింపి, కాగితం మీద తీసుకో. సీరియల్ నంబరు గీకేసినట్టో, మళ్లీ కొట్టినట్టో అనిపిస్తే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఈ రైఫిల్ మీద జనానికి ఎందుకింత మోజో తెలిస్తే తర్వాత చెప్పేది సులువుగా అర్థమవుతుంది. 1936లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో దీని తయారీ మొదలైంది. 1963 చివరికి నంబర్లు దాదాపు 5,81,000 దాకా వెళ్లాయి. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ డిజైన్ మార్చేసింది, నంబర్లు 7,00,000 నుంచి మొదలుపెట్టింది. వేటగాళ్లకు ఆ మార్పు నచ్చలేదు. అప్పటి నుంచి పాతవాటికి 'ప్రీ-64' అని పేరు పడిపోయింది, ధర కూడా పెరుగుతూ వచ్చింది. కానీ వాటిని కొత్తగా కొన్నవాళ్లు వేటకోసం కొన్నారు, దాచుకోవడానికి కాదు. స్కోప్ పెట్టుకోవాలంటే రంధ్రాలు వేయించారు, భుజం నొప్పి పుడితే రబ్బరు ప్యాడ్ వేయించారు, తుప్పు పడితే మళ్లీ రంగు ఎక్కించారు. వాళ్ల అవసరం వాళ్లది, అందులో తప్పేం లేదు. ఆ మార్పులున్నదాన్ని మార్పుల్లేని ధరకు నువ్వు కొనకుండా ఉంటే చాలు.

రైఫిల్ చేతికిచ్చిన వెంటనే దాని గొట్టం నోరు ఇటూ అటూ తిప్పకుండా, బోల్ట్ తెరిచి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి చూడు. తర్వాత వేలు పెట్టి కూడా చూడు. ఇది ప్రతిసారీ చెయ్యాలి, ఇంట్లో వాళ్లు ఇచ్చినా సరే.

ఇప్పుడు బారెల్ సంగతి. రిసీవర్‌కి, బారెల్‌కి అతుకు దగ్గర ఎడమవైపు చూడు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి, అందులో డబ్ల్యూ, పి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీలో రైఫిల్‌ని పూర్తిగా బిగించి, పేల్చి చూశాక కొట్టే ప్రూఫ్ గుర్తు అది. బారెల్ మీద ఒకటి, రిసీవర్ మీద ఒకటి ఉండాలి. బారెల్ మీద ఆ గడిలో ఒక్క పి మాత్రమే ఉంటే, అది విడిగా పోస్టులో తెప్పించుకున్న బారెల్.

అసలు సాక్ష్యం మాత్రం కర్ర కింద దాగి ఉంటుంది. అడుగు భాగంలో మూడు స్క్రూలు, ముందు చెక్కలో బారెల్‌కి పట్టిన స్క్రూ ఒకటి, వీటిని విప్పితే ఉక్కంతా బయటికొస్తుంది. పెద్దాయన అనుమతి అడిగి విప్పు, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకెళ్లు. విప్పకముందు ఆ స్క్రూల తలల మీది గాడులనే చూడు. అంచులు చెదిరి, లేచి ఉంటే ఎవరో ముందే లోపలికి వెళ్లొచ్చారన్నమాట. బారెల్ తిప్పి చూస్తే అడుగున, రిసీవర్‌కి దగ్గర్లో, క్యాలిబర్ (తూటా రకం), దాని పక్కన రెండంకెల సంవత్సరం కొట్టి ఉంటాయి. నీ నంబరు 1950 నాటిది. అడుగున 49 గానీ 50 గానీ ఉంటే మనసు కుదుటపడుతుంది, ఎందుకంటే బారెల్ ముందే తయారై కొన్నాళ్లు షెల్ఫులో ఉండేది. 55 అని కనబడితే ఇంకేం అడగక్కర్లేదు, బారెల్ మార్చారు.

బోల్ట్ బయటికి తీసి దాని అడుగు చూడు. ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో చేతిరాతలా నంబరు గీసి ఉంటుంది. అది రిసీవర్ నంబరుతో కలవాలి. కలవకపోతే వేరే రైఫిల్ బోల్ట్ వచ్చి చేరింది. అది ధర విషయమే కాదు, ప్రాణాల విషయం. మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు సరిగ్గా ఉందా అని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) హెడ్‌స్పేస్ గేజ్‌తో చూడకుండా అలాంటిది ఒక్క తూటా కూడా కాల్చకు.

ఫోటోల్లో రిసీవర్ ఎడమ పక్కన రెండు రంధ్రాలు చూసి నువ్వు కంగారుపడ్డావు. టెన్షన్ పడకు, అవి ఫ్యాక్టరీవే, పీప్ సైట్ (గురి చూసే చిన్న రంధ్రం పలక) బిగించుకోవడానికి. అనుమానించాల్సింది పైన, వెనకవైపు ఉండే రంధ్రాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన రైఫిళ్లకు అక్కడ రంధ్రాలు ఉండేవి కావు. అలాంటి పాతదానికి ఉంటే ఎవరో తర్వాత వేయించినవే. నీది 1950ది కాబట్టి ఉండొచ్చు. అయినా వాటి అంచులు చూడు, గుండ్రంగా పల్లెంలా దిగిపోయి ఉంటే మళ్లీ పాలిష్ పట్టి రంగు వేశారని అర్థం.

ఆ రంగు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి తుప్పు పట్టకుండా వేసే నీలి నలుపు రంగు) చేసిన రైఫిల్ కళ్లు జిగేల్‌మనేలా ఉంటుంది. చూడగానే "అబ్బ, కొత్తదానిలా ఉందే" అనిపిస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన వేట రైఫిల్ అలా ఉండటమే అనుమానించాల్సిన విషయం. బారెల్ మీది అక్షరాలను భూతద్దంతో చూడు. అచ్చు ఒత్తినప్పుడు అక్షరం చుట్టూ ఉక్కు రవ్వంత పైకి లేస్తుంది, గోరు మెల్లగా ఆనిస్తే తెలుస్తుంది. పాలిష్ చక్రం కింద పెడితే మొదట పోయేది ఆ లేచిన అంచే. ఆ తర్వాత అక్షరాలు నీళ్లలో తడిసిన కాగితం మీది సిరాలా పలచబడతాయి. బాగా వాడిన రైఫిల్‌కి మోసేచోట, బోల్ట్ గుబ్బ మీద, అడుగు పలక మూలల్లో రంగు అరిగి వెండిలా మెరవాలి. కర్ర నిండా గీతలుండి ఉక్కు మాత్రం అద్దంలా ఉంటే రెంటికీ పొత్తు కుదరదు.

బారెల్ పొడవు కూడా కొలువు. బోల్ట్ మూసి, బారెల్ నోట్లోంచి సన్నటి చెక్క కడ్డీ లోపలికి పోనిచ్చి, నోరు దగ్గర గుర్తు పెట్టు. స్టాండర్డ్ 30-06కి 24 అంగుళాలు రావాలి. 22 అంగుళాలు వస్తే 'ఫెదర్‌వెయిట్' అనే తేలిక రకం అంటారేమో, ఆ రకం వచ్చిందే 1952లో, నీది 1950ది. స్టాండర్డ్ రకంలో ముందు సైట్ దిమ్మ బారెల్ ఉక్కులోంచే పుట్టినట్టు ఒకే ముక్కగా ఉంటుంది. అతుకు గీత, టంకం మరక కనబడితే బారెల్ కోసి ఉండొచ్చు.

ఇక నీ ఫోటోల్లో నాకు ఒకటి స్పష్టంగా కనబడింది. వెనక రబ్బరు ప్యాడ్ ఉంది. ఆ కాలపు స్టాండర్డ్ 30-06కి గళ్లు చెక్కిన ఉక్కు పలక ఉండేది. అంటే ప్యాడ్ తర్వాత వేయించిందే అయ్యుంటుంది, దానికోసం కర్ర కోసి ఉంటారు. ట్రిగ్గర్ నుంచి చివరి దాకా 13.5 అంగుళాలు ఫ్యాక్టరీ కొలత. ప్యాడ్ లేకుండా కొలిస్తే ఎంత కోశారో తెలుస్తుంది. కోసిన చెక్కను మళ్లీ అతికించలేం కాబట్టి, మిగతాదంతా నికార్సుగా ఉన్నా ఇది సేకరణకు పనికొచ్చే రైఫిల్ కాదు. నువ్వు దీంతో జింకల వేటకు వెళ్తానంటున్నావు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. వేటకు ప్యాడ్ సుఖమే. ధర మాత్రం సగం దగ్గర నుంచి మొదలుపెట్టి మాట్లాడు. మర్యాదగా, కారణం చెప్పి మాట్లాడు. తండ్రి వస్తువు అమ్ముకుంటున్న మనిషి, ఆయన్ని నొప్పించకు.

ఒకటి మర్చిపోతున్నాను. ఇలాంటి పాతవాటికి చాంబర్‌ని లోపలే పెద్దది చేయించుకునేవాళ్లు, పైన రాసింది మాత్రం అలాగే ఉండేది. ఇది 300 హెచ్ అండ్ హెచ్ అనే తూటా రకం రైఫిళ్లలో ఎక్కువ, 30-06లో కూడా ఉంది. బయటి నుంచి పట్టుకోలేం. గన్‌స్మిత్ సెర్రోసేఫ్ అనే తక్కువ వేడికే కరిగే లోహం పోసి అచ్చు తీసి కొలుస్తాడు. ఇది చేయించకుండా తూటాలు కొనొద్దు.

శనివారం వెళ్తున్నానన్నావు కదా. బారెల్ అడుగు అంకెలు, బోల్ట్ అడుగు నంబరు, ప్రూఫ్ గుర్తులు రెండూ, ఇవి దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటోలు తీసి అక్కడి నుంచే పంపు. నేను ఫోన్ దగ్గరే ఉంటాను. అవి చూసి నేను మాట్లాడేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య